పాత పార్టీల ఓట్లు ఎటు పోతున్నాయి?

యూరప్‌లో దశాబ్దాల తరబడి అధికారం పంచుకున్న పార్టీలు కుంగిపోతుంటే, నిన్నమొన్నటి దాకా అంచున ఉన్న రాడికల్ పాపులిస్టు పార్టీలు మొదటి, రెండో స్థానాలకు వస్తున్నాయి. దీని గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: పాపులిస్టు పార్టీ అంటే ఉచిత పథకాలు ప్రకటించే పార్టీయేనా? 'రాడికల్' అని కూడా ఎందుకంటారు?

కాదండీ. తెలుగు పత్రికల్లో 'జనాకర్షక' అన్న మాట డబ్బు పంచే పథకాలకు అంటుకుపోయింది. రాజనీతి శాస్త్రంలో పాపులిజం అంటే ఖర్చుల లెక్క కాదు, ఒక వాదం. సమాజంలో ఉన్నవి రెండే పక్షాలు, ఒకవైపు నిజాయితీపరులైన జనం, మరోవైపు కుళ్లిపోయిన పెద్దలు. జనం మనసులో మాట ఒక్కటే, అది మాకు మాత్రమే తెలుసు. ఇదీ ఆ వాదం. ఈ సంచిలో ఏ సరుకైనా నింపవచ్చు. గ్రీస్‌లో సిరిజా, స్పెయిన్‌లో పొదెమోస్ బ్యాంకుల మీద, అప్పులిచ్చినవాళ్ల మీద గురిపెట్టాయి. ఫ్రాన్స్‌లో నేషనల్ ర్యాలీ, జర్మనీలో ఏఎఫ్‌డీ ('జర్మనీకి ప్రత్యామ్నాయం' అనే పార్టీ) వలసల మీద గురిపెట్టాయి.

'రాడికల్' అన్నప్పుడు ఆ పార్టీ ఎన్నికలను ఒప్పుకుంటుంది గాని కోర్టుల స్వతంత్రత, మైనారిటీల హక్కులు, పత్రికా స్వేచ్ఛ లాంటి అడ్డుకట్టలను ఒప్పుకోదని అర్థం. ఎన్నికల పద్ధతినే కాదని హింసకు దిగేవాళ్లది వేరే కోవ. గ్రీస్‌లో గోల్డెన్ డాన్ అనే పార్టీ నేరస్థుల సంస్థ అని 2020లో కోర్టు తేల్చింది. దానిని, ఏఎఫ్‌డీని ఒకే గాటన కడితే ఓటరు ఎందుకు వెళ్లాడో ఎప్పటికీ అర్థం కాదు. అందుకే 'తీవ్రవాద పార్టీ' అన్న అనువాదం నాకు నచ్చదు.

ప్రశ్న: పేదరికం, నిరుద్యోగమే కారణమా? మరి అట్టడుగు పేదలు ఈ పార్టీలకు అంతగా ఓటు వేయరని చదివాను.

మీరు చదివింది చాలావరకు నిజం. అట్టడుగున ఉన్నవాళ్లలో ఎక్కువమంది అసలు ఓటు వేయడానికే వెళ్లరు. ఈ పార్టీలకు గట్టి పునాది ఒక మెట్టు పైన ఉంటుంది. చేతిపని వచ్చిన కార్మికులు, చిన్న వ్యాపారులు, యూనివర్సిటీ చదువు లేనివాళ్లు, ఆడవాళ్లకంటే మగవాళ్లు. వీళ్లకు పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది. అది జారిపోతోందన్న భయమూ ఉంది. ఆదాయం ఎంత అన్నదానికంటే, నిన్నటి స్థానంతో పోలిస్తే ఇవాళ ఎక్కడున్నాం, పిల్లలు రేపు ఎక్కడుంటారు అన్నదే ఓటును ఎక్కువగా కదిలిస్తుంది.

తూర్పు జర్మనీని చూడండి. 1990లో రెండు జర్మనీల ఏకీకరణ సమయంలో అక్కడి ప్రభుత్వ సంస్థలను అమ్మే పని ట్రాయ్‌హాండ్ అనే సంస్థకు అప్పగించారు. సుమారు 8,500 సంస్థలు, వాటిలో 40 లక్షల దాకా ఉద్యోగాలు. 1994 చివరికి పని ముగించారు. కొన్ని అమ్ముడుపోయాయి, చాలా మూతపడ్డాయి. నేర్చుకున్న పనికి విలువ పోయింది. చదువుకున్న యువత పశ్చిమానికి వెళ్లిపోయింది. జీవన ప్రమాణం తరువాత బాగా పెరిగింది. కానీ 'మమ్మల్ని రెండో తరగతి పౌరులుగా చూస్తున్నారు' అన్న మాట ఇప్పటికీ అక్కడ వినిపిస్తుంది. 2024 సెప్టెంబరులో తూరింగియా రాష్ట్రంలో ఏఎఫ్‌డీ 32.8 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. నిరుద్యోగం పతాక స్థాయిలో ఉన్న రోజుల్లో కాదు, అది బాగా తగ్గాక. దీన్ని గుర్తుపెట్టుకోకపోతే 'ఉద్యోగాలు ఇస్తే సరిపోతుంది' అన్న తప్పు లెక్కలో పడతాం.

ఆర్థిక కారణం లేదని కాదు. 20 సంపన్న దేశాల్లో 1870 నుంచి 2014 దాకా జరిగిన ఎన్నికలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, బ్యాంకింగ్ సంక్షోభం వచ్చిన తరువాత తీవ్ర మితవాద (రైట్ వింగ్) పార్టీల ఓటు సగటున 30 శాతం పెరిగిందని తేలింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. 30 శాతం పెరుగుదల అంటే 10 శాతం ఓట్లున్న పార్టీ 13కు చేరడం, 40కి చేరడం కాదు. మామూలు మాంద్యం తరువాత ఈ పెరుగుదల అలా కనబడలేదు. బ్యాంకును కాపాడటానికి జనం సొమ్ము పెట్టి, ఆ తరువాత జనానికే ఖర్చు తగ్గించినప్పుడు నష్టానికి అన్యాయం తోడవుతుంది. నష్టాన్ని మనిషి భరిస్తాడు. అన్యాయానికి బాధ్యుడు ఎవరని అడుగుతాడు.

పశ్చిమ యూరప్‌లో 15 దేశాల మీద జరిగిన మరో పరిశీలనలో, చైనా దిగుమతుల పోటీ ఎక్కువ తగిలిన ప్రాంతాలు జాతీయవాద, రాడికల్ మితవాద పార్టీల వైపు మొగ్గినట్టు తేలింది. ఉద్యోగం పోయినవాళ్లే కాదు, ఆ ప్రాంతంలో ఉద్యోగం భద్రంగా ఉన్నవాళ్లు కూడా. ఊరి ఫ్యాక్టరీ మూతపడితే గుమాస్తాకు కూడా ఊరు చచ్చిపోతున్నట్టే కనబడుతుంది.

ప్రశ్న: కోపం ఉంటే ప్రతిపక్షానికి ఓటు వేయవచ్చు కదా. ఇన్నాళ్లూ అలాగే జరిగింది. మరి ఇప్పుడు పాత పార్టీలన్నిటినీ ఎందుకు వదిలేస్తున్నారు?

ఇదే అసలు ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కోపం ఏ కాలంలోనైనా ఉంటుంది. అది కొత్త పార్టీ దగ్గరికి వెళ్లాలంటే పాత పార్టీల మధ్య ఆ విషయం మీద తేడా లేకుండా పోవాలి. దుకాణాలు రెండున్నా సరుకు ఒకటే అయినప్పుడు కొనేవాడు మూడో దుకాణం వెతుక్కుంటాడు.

గ్రీస్‌లో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2009లో సోషలిస్టు పార్టీ పాసోక్ 43.9 శాతం ఓట్లతో గెలిచింది. 2010లో దివాలా తప్పించుకోవడానికి షరతులతో 11,000 కోట్ల యూరోల అప్పు (బెయిలవుట్) తీసుకుంది. షరతుల ప్రకారం జీతాలు, పింఛన్లు కోసింది. తరువాత బద్ధశత్రువు న్యూ డెమోక్రసీతో కలిసి అదే విధానాన్ని నడిపింది. కోతలు వద్దనుకున్న ఓటరుకు పెద్ద పార్టీల్లో వెళ్లేచోటే లేదు. 2015 జనవరిలో పాసోక్‌కు వచ్చింది 4.7 శాతం. 2009లో 4.6 శాతం ఉన్న సిరిజాకు 36.3 శాతం. రెండు పార్టీలు దాదాపు స్థానాలు మార్చుకున్నాయి.

జర్మనీలో ఇది నెమ్మదిగా జరిగింది. ఛాన్సలర్ మెర్కెల్ 16 ఏళ్ల పాలనలో 12 ఏళ్లు రెండు పెద్ద పార్టీలూ (క్రిస్టియన్ డెమోక్రాట్లు, సోషల్ డెమోక్రాట్లు) కలిసే ప్రభుత్వం నడిపాయి. గ్రీస్‌కు సాయం విషయంలో 'ప్రత్యామ్నాయం లేదు' అని ఆమె వాడిన మాట 2010లో ఆ దేశపు 'చెడ్డ మాట'గా ఎంపికైంది. 2013లో పుట్టిన ఏఎఫ్‌డీ తన పేరునే 'జర్మనీకి ప్రత్యామ్నాయం' అని పెట్టుకుంది. మొదట అది యూరో కరెన్సీని వ్యతిరేకించే ప్రొఫెసర్ల పార్టీ. ఆ ఏడాది 4.7 శాతం తెచ్చుకుని, 5 శాతం గీత దాటలేక పార్లమెంటు బయటే ఉండిపోయింది. 2015లో సుమారు 8.9 లక్షల మంది శరణార్థులు వచ్చినప్పుడు పార్లమెంటులోని ప్రతిపక్ష పార్టీలేవీ తలుపులు తెరవడాన్ని మొత్తంగా తప్పుపట్టలేదు. ఆ ఖాళీలోకి ఏఎఫ్‌డీ పూర్తిగా మారిన ముఖంతో వచ్చింది. 2017లో 12.6 శాతం, 2025లో 20.8 శాతం. 1976లో రెండు పెద్ద పార్టీలకూ కలిపి 91.2 శాతం ఓట్లుండేవి. 2025లో అవి 44.9.

ఇటలీలో 2021లో ప్రధాని ద్రాగి నాయకత్వంలో వామపక్షం, మితవాదం, పాపులిస్టులు అందరూ ఒకే ప్రభుత్వంలో చేరారు. పెద్ద పార్టీల్లో బయట ఉన్నది జార్జా మెలోనీ నడిపే రాడికల్ మితవాద పార్టీ ఒక్కటే. 2018లో 4.4 శాతం ఉన్న ఆ పార్టీ 2022లో 26 శాతానికి చేరింది. అందరూ ఒక పడవ ఎక్కితే ఒడ్డున మిగిలినవాడే ప్రతిపక్షం.

పాత పార్టీలు ఇలా దగ్గరపడటానికి వెనక కేవలం బద్ధకం లేదు. వడ్డీ రేట్లు కేంద్ర బ్యాంకు చేతిలో, బడ్జెట్ లోటు పరిమితి యూరోపియన్ యూనియన్ ఒప్పందాల్లో, వాణిజ్యం ఆ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో ఉన్నాయి. ఓటరు ప్రభుత్వాన్ని మార్చగలడు, విధానాన్ని మార్చలేడు అనిపిస్తుంది. మరోపక్క, ఓటరును పార్టీకి కట్టి ఉంచిన కార్మిక సంఘం, చర్చి రెండూ బలహీనపడ్డాయి. తాడు తెగాక పశువు పాత కొట్టానికే రావాలన్న నియమం లేదు.

ప్రశ్న: వలసదారులు ఎక్కువగా ఉన్న నగరాల్లో ఈ పార్టీలకు ఓట్లు తక్కువ, వాళ్లు కనబడని ఊళ్లలో ఎక్కువ. ఇదెలా?

మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. విడదీస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటిది, ఎంతమంది ఉన్నారన్నది కాదు, ఎంత వేగంగా మారిందన్నది ముఖ్యం. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వద్దా అన్న 2016 బ్రెగ్జిట్ రెఫరెండంలో 'బయటికి' ఓటు అత్యధికంగా, 75.6 శాతం వచ్చింది లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో. 2001లో అక్కడ విదేశాల్లో పుట్టినవాళ్లు చాలా కొద్దిమంది. తూర్పు యూరప్ నుంచి వ్యవసాయ కూలీలు రావడంతో 2011 నాటికి జనాభాలో 15 శాతం దాకా అయ్యారు. లండన్‌లోని లాంబెత్‌లో అంతకంటే చాలా ఎక్కువ వైవిధ్యం ఉంది, దశాబ్దాల పాటు నెమ్మదిగా పెరిగింది. అక్కడ 78.6 శాతం 'ఉండాలి' అన్నారు.

రెండోది, ఎవరు ఎక్కడ కాపురం ఉంటారన్నది. ఇష్టం లేనివాళ్లు నగరం విడిచి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తారు. ఇష్టపడేవాళ్లు, చదువుకునే కుర్రకారు నగరానికి వస్తారు. అందువల్ల మిశ్రమ ప్రాంతాన్ని ఆనుకున్న ఊళ్లలో ఈ పార్టీల ఓటు ఎక్కువగా తేలుతుంది.

మూడోది లెక్కలో పొరపాటు. 10,000 మంది ఓటర్లున్న ఊళ్లో 3,000 మంది వలస కుటుంబాలవాళ్లు అనుకోండి. వాళ్లెవరూ ఆ పార్టీకి వేయరు. మిగిలిన 7,000 మందిలో 30 శాతం వేస్తే 2,100 ఓట్లు, అంటే ఊరి మొత్తం మీద 21 శాతం. వలసదారులు లేని పక్క ఊళ్లో 10,000 మందిలో 25 శాతం వేస్తే 25 శాతమే కనబడుతుంది. పైకి పక్క ఊరే ఎక్కువ కోపంగా ఉన్నట్టుంది. నిజానికి మొదటి ఊరి పాతకాపుల్లోనే మొగ్గు ఎక్కువ. ఊరి సగటును చూసి మనిషి మనసు చెప్పకూడదు.

ప్రశ్న: ఇది నిరసన ఓటేనా? అధికారం ఇచ్చి చూస్తే మోజు తీరిపోదా?

'ఉత్త నిరసన' అనడం ఓటరును చిన్నబుచ్చడమే. సర్వేల్లో ఈ ఓటును అన్నిటికంటే బాగా ముందే పసిగట్టేది వలసలపై ఓటరు అభిప్రాయం. అంటే అతను పార్టీ ఏం చెబుతోందో తెలిసే వేస్తున్నాడు. రాజకీయ నాయకుల మీద అపనమ్మకం దానికి తోడవుతుంది.

అధికారం విషయానికొస్తే, మోజు తీరుతుంది గాని ఓటరు పాత ఇంటికి వస్తాడన్న హామీ లేదు. ఆస్ట్రియాలో ఫ్రీడమ్ పార్టీ 1999లో 26.9 శాతం తెచ్చుకుని మరుసటి ఏడు ప్రభుత్వంలో చేరింది. లోపలి కలహాలతో 2002లో 10 శాతానికి పడిపోయింది. అప్పుడు 'కథ ముగిసింది' అన్నారు. 2024లో అదే పార్టీ 28.8 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. ఇటలీలో ప్రభుత్వం నడిపిన పాపులిస్టు పార్టీ ఫైవ్ స్టార్ ఉద్యమం 2022లో 32.7 నుంచి 15.4కు తగ్గితే, అదే ఎన్నికలో ఎక్కువ లాభపడింది మెలోనీ పార్టీయే గాని పాత పార్టీలు కావు.

ప్రశ్న: ఫలితాలు వచ్చిన రోజు టీవీలో 'భూకంపం' అంటారు. నిజంగా ఓట్లు ఎక్కడి నుంచి వచ్చాయో మేం ఎలా లెక్కవేసుకోవాలి?

శాతాలు పక్కన పెట్టి ముందు ఓట్ల సంఖ్య రాసుకోండి. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక మొదటి రౌండులో, నేటి నేషనల్ ర్యాలీని స్థాపించిన జాన్ మరీ లె పెన్ రెండో స్థానంలోకి వస్తే ప్రపంచం నివ్వెరపోయింది. ఆయన ఓట్లు 1995లో సుమారు 45.7 లక్షలు, 2002లో 48 లక్షలు. పెరిగింది రెండు లక్షల చిల్లర మాత్రమే. సోషలిస్టు జోస్పాన్ ఓట్లు 71 లక్షల నుంచి 46 లక్షలకు జారాయి. బరిలో 16 మంది ఉండటంతో వామపక్ష ఓటు చీలిపోయింది, పోలింగ్ 78 నుంచి 72 శాతానికి తగ్గింది. అది లె పెన్ ఎక్కిన కొండ కాదు, ఎదుటివాడి కింద కుంగిన నేల. ఏఎఫ్‌డీ సంగతి వేరు. 2021లో 48 లక్షలు, 2025లో 1.03 కోట్లు. ఇది నిజంగా ఎక్కడమే.

రెండో మెట్టు పోలింగ్ శాతం. జర్మనీలో 2025లో అది 82.5కు చేరింది, ఏకీకరణ తరువాత ఇదే అత్యధికం. ఓటరు బదిలీ అంచనాల్లో ఏఎఫ్‌డీకి అన్నిటికంటే ఎక్కువ ఓట్లు ఇచ్చింది ఏ పార్టీ కాదు, అంతకుముందు ఓటు వేయనివాళ్లే. 'పోలింగ్ పెరిగితే ప్రధాన పార్టీలకు లాభం' అన్న పాత సూత్రాన్ని ఇక నమ్మకండి.

మూడోది, రెండు మొత్తాలను చూసి బదిలీని ఊహించకండి. పాత పార్టీ 100 ఓట్లు పోగొట్టుకుని కొత్త పార్టీ 100 తెచ్చుకుంటే అవే ఓట్లు అటు వెళ్లాయని అనిపిస్తుంది. పాత పార్టీవాళ్లు ఇంట్లో కూర్చుని, ఇంతకాలం ఇంట్లో కూర్చున్నవాళ్లు కొత్త పార్టీకి వేసినా ఇదే లెక్క వస్తుంది. తేల్చగలిగేది ఒకే మనుషులను రెండు ఎన్నికల్లోనూ అడిగే ప్యానెల్ సర్వే. అందులోనూ 'పోయినసారి ఎవరికి వేశారు' అని ఇప్పుడు అడిగితే చాలామంది తప్పు చెబుతారు. ఆనాడే అడిగి రాసిపెట్టుకున్న సర్వేను నమ్మండి. ఎదురుగా కూర్చుని అడిగితే ఇలాంటి పార్టీ పేరు చెప్పడానికి జంకుతారు కాబట్టి, ఆన్‌లైన్ సర్వేకు, ముఖాముఖి సర్వేకు తేడా ఎంతుందో కూడా చూడండి.

చివరగా సీట్లు. బ్రిటన్‌లో 2015లో, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలనే యూకిప్ పార్టీకి 38.8 లక్షల ఓట్లకు ఒక సీటు, స్కాటిష్ నేషనల్ పార్టీకి 14.5 లక్షల ఓట్లకు 56 సీట్లు. సీట్లను బట్టి చూస్తే యూకిప్ లేనట్టే. మరుసటి ఏడాది బ్రెగ్జిట్ రెఫరెండం వచ్చింది.

ప్రశ్న: సోషల్ మీడియానే దీనికి మూలమా?

వేగం పెంచింది. మూలం మాత్రం కాదు. ఆస్ట్రియా ఫలితం 1999లో, లె పెన్ రెండో రౌండుకు చేరింది 2002లో. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో.

ప్రశ్న: పాత పార్టీలు వలసల మీద అదే కఠిన వైఖరి తీసుకుంటే ఓటర్లు తిరిగి రారా? డెన్మార్క్‌లో అలాగే జరిగిందంటారు.

డెన్మార్క్‌ను అందరూ సగమే చెబుతారు. 2015లో వలసలను వ్యతిరేకించే డేనిష్ పీపుల్స్ పార్టీకి 21.1 శాతం వచ్చింది. సోషల్ డెమోక్రాట్లు వలసల మీద గట్టిగా బిగించారు. 2019లో పీపుల్స్ పార్టీ 8.7కు, 2022లో 2.6కు పడిపోయింది. ఇంతవరకు నిజం. కానీ 2019లో సోషల్ డెమోక్రాట్లకు ఓట్లు పెరగలేదు, 26.3 నుంచి 25.9కి స్వల్పంగా తగ్గాయి. అధికారం దక్కింది కూటమి బలంతో. 2022లో అదే భావజాలంతో వచ్చిన డెన్మార్క్ డెమోక్రాట్లకు 8.1, న్యూ రైట్‌కు 3.7 శాతం వచ్చాయి. మూడూ కలిపితే 14.4. ఆ ఓటు మూడో వంతు దాకా తగ్గింది, చీలింది, మాయం కాలేదు. పైగా ఆ దేశంలో సంక్షేమ వ్యవస్థ మీద వామపక్షం తన మాట వదులుకోలేదు. నకలు కొట్టేవాళ్లు దీన్ని మరిచిపోతారు.

వేరే దేశాల్లో ఈ ఎత్తు తరచూ బెడిసికొడుతుంది. ఎందుకంటే ఎన్నికలో పోటీ రెండు అంచెల్లో జరుగుతుంది. ఏ విషయం మీద మాట్లాడుకోవాలన్నది మొదటి అంచె, ఆ విషయంలో ఎవరిది సరైన మాట అన్నది రెండోది. పెద్ద పార్టీ వలసల గురించి రోజూ మాట్లాడితే రెండో అంచెలో కొంత గెలవొచ్చు, కానీ మొదటి అంచె అప్పటికే చేజారింది. అసలు సరుకు ఎదురుగా ఉండగా నకలు ఎవరు కొంటారు అని లె పెన్ తరచూ అనేవాడు. 2025 జనవరి 29న జర్మనీలో మెర్జ్ నాయకత్వంలోని క్రిస్టియన్ డెమోక్రాట్ల పార్టీ వలసల మీద పెట్టిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్లతో నెగ్గింది. నాలుగు వారాలు తిరక్కుండా జరిగిన ఎన్నికలో ఏఎఫ్‌డీ ఓటు 2021తో పోలిస్తే రెట్టింపైంది. ఆ తీర్మానానికి వ్యతిరేకంగా గొంతెత్తిన వామపక్ష పార్టీ డీ లింకె 8.8 శాతానికి లేచింది. మెర్జ్ పార్టీకి వచ్చిన 28.5 శాతం దాని చరిత్రలో అతి తక్కువ ఫలితాల్లో ఒకటి.

మరేం చేయాలంటే, పార్టీలు తమకు నిజంగా తేడా ఉన్న విషయాలను బయటపెట్టాలి. ఇల్లు, అద్దె, పన్ను, పింఛను, ఊరి ఆసుపత్రి. ఫ్రాన్స్ ఉత్తరాన ఒకప్పటి బొగ్గు గనుల పట్టణం హెనాన్ బోమాన్‌లో వామపక్షం దశాబ్దాల పాటు ఓడిపోవడం ఎరగదు. గనులు మూతపడ్డాయి, 2009లో సోషలిస్టు మేయర్ అవినీతి ఆరోపణలతో పదవి పోగొట్టుకున్నాడు. 2014లో లె పెన్ పార్టీ మున్సిపాలిటీని మొదటి రౌండులోనే గెలిచింది. గెలవడానికి ముందు ఏళ్ల తరబడి ఆ పార్టీవాళ్లు సంతలో నిలబడి, తలుపులు తట్టి, జనం పేర్లు గుర్తుపెట్టుకున్నారు. ఆ వీధుల్లో పాత పార్టీవాళ్లు ఎన్నికలప్పుడు తప్ప కనబడటం మానేసి అప్పటికి చాలాకాలమైంది.